లంకె కుదిరితేనే లెక్క

తెలుగింట పిల్లలు మొట్టమొదట ఆడే గొలుసాట ఏడు చేపల కథే. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డొచ్చింది కాబట్టి. గడ్డిమోపు అడ్డొచ్చింది, ఆవు మేయలేదు కాబట్టి. అక్కణ్నుంచి పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, కుట్టిన చీమ. ఎండలో ఆరేసిన చేప దగ్గర మొదలైన సంగతి చీమల పుట్టలో తేలుతుంది. చేపకూ చీమకూ ఏం సంబంధమని అడిగితే మూడేళ్ల పిల్ల కూడా ఠక్కున చెప్తుంది. చెప్పేవాళ్లు మధ్యలో ఒక్క మెట్టు దాటేస్తే ఊరుకోదు. ‘ఆవు ఏదీ?’ అని నిలదీస్తుంది.

పెద్దయ్యాక మనం ఆడేది అంత్యాక్షరి. ఒక పాట చివరి అక్షరంతో ఇంకో పాట ఎత్తుకోవాలి. సరదాకు లోటు లేదు గానీ పాటకూ పాటకూ మధ్య కారణం ఉండదు. క్విజ్ పోటీల్లో ‘కనెక్ట్’ రౌండుది ఇంకో తీరు. నాలుగు బొమ్మలు చూపించి, వీటిని కలిపేదేమిటో చెప్పమంటారు. హంగరీ రచయిత ఫ్రిగ్యెస్ కరింథి 1929లో రాసిన ఒక కథలో కొందరు మిత్రులు ఇలాంటి ఆటే ఆడతారు. భూమ్మీద ఏ మనిషినైనా ఐదుగురు పరిచయస్తుల మీదుగా అందుకోవచ్చని వాళ్ల పందెం. 1978లో బీబీసీలో జేమ్స్ బర్క్ ‘కనెక్షన్స్’ అనే ధారావాహిక నడిపి, సాంకేతిక చరిత్రను ఇలాంటి లంకెలుగానే విప్పి చూపించాడు.

ఇక్కడ ఆడబోయేది ఏడు చేపల పద్ధతి. ఒకరు ఒక నిజం చెప్తారు. పక్కవాళ్లు దానికి ఏ పొంతనా లేనట్టు కనిపించే ఇంకో నిజం చెప్తారు. మూడో మనిషి రెంటినీ కలపాలి. లంకె చెల్లాలంటే ఒకదానివల్ల ఇంకొకటి జరిగి ఉండాలి. లేదంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి నిజంగా దారి ఉండాలి. నీళ్లు పారిన దారి, రైలు దారి, డబ్బు వెళ్లిన దారి, మనిషి నడిచిన దారి, ఏదైనా సరే. పేరు కలిసిందనో, ఏడాది కలిసిందనో అతికిస్తే చెల్లదు. కోరాపుట్ జిల్లా జయపురానికీ రాజస్థాన్ జైపూర్‌కూ పేరు పోలిక ఉంది, లంకె లేదు. రాయగడ దాటగానే వచ్చే సింగపూర్ రోడ్ స్టేషన్‌కూ సింగపూర్ దేశానికీ అంతే. అది కల్యాణసింగపురం వైపు వెళ్లే దారి.

ఆటస్థలం ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాలు. విశాఖపట్నం నుంచి గానీ పార్వతీపురం నుంచి గానీ కొండ దాటితే వచ్చే సీమ ఇది. కాఫీ, మిగ్ విమానాల ఇంజన్లు, బాక్సైటు, గోడబొమ్మలు, నల్లపొట్టు ధాన్యం. ఏ రెంటిని పక్కపక్కన పెట్టినా ఒకదానికొకటి ఏమీ కానట్టే ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ సీమ దాదాపు అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, మన విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రోజునే కోరాపుట్ జిల్లా ఏర్పడింది. దాన్నుంచి 1992 అక్టోబరు 2న రాయగడ విడివడింది. అరకు దాకా వెళ్లి వెనక్కి తిరిగే మనకు గట్టుకు అవతలి సంగతులు తెలిసింది చాలా తక్కువ. ఆ వెలితి నన్ను బాధిస్తుంది. అందుకే ఆట ఇక్కడ పెట్టాను.

కాఫీ కాపలా

మొదటి నిజం: కోరాపుట్‌లో కాఫీ పండుతుంది. రెండో నిజం: డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ కేంద్రంలో కరెంటు పుడుతుంది. కలపండి.

ఈ కొండలకు కాఫీ తెచ్చింది జయపురం రాజా రామచంద్రదేవ్, 1930లో. అప్పటికది రాజావారి ముచ్చట. అది తోటలుగా పరుచుకున్నది 1958 నుంచి, అదీ భూసంరక్షణ శాఖ చేతుల మీదుగా. పంటల శాఖ కాకుండా భూసంరక్షణ శాఖ కాఫీ వేయడమేమిటి? ఇక్కడే ముడి ఉంది. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న ప్రాజెక్టు అది. దాదాపు 115 మెగావాట్లది. ఎగువన జోలాపుట్ జలాశయం, దాని చుట్టూ కొండవాలు. చెట్లు కొట్టి పోడు చేసిన వాలు మీద వాన పడితే ఎర్రమట్టి కరిగి వాగుల్లోకి, వాగుల్లోంచి జలాశయంలోకి దిగుతుంది. పూడిక పేరుకుంటే నీళ్లు నిలవవు. నీళ్లు లేకపోతే టర్బైను తిరగదు.

వాలు మీద మట్టిని పట్టి ఉంచే పంట కావలసి వచ్చింది. కాఫీ నీడపట్టున పెరిగే మొక్క. నీడ కోసం పైన సిల్వర్ ఓక్ లాంటి పొడుగు చెట్లు ఉండాలి. ఆ చెట్లకు మిరియాల తీగ పాకించుకోవచ్చు. ఏటా దున్నే పని లేదు కాబట్టి మన్ను కదలదు. రాలిన ఆకు నేలను కప్పేస్తుంది, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. కిందనున్న యంత్రాలకు కాపలాగా పైన కాఫీ మొక్కను నిలబెట్టారన్న మాట. ఈ మొత్తం ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లంకె ఇదే. కప్పులో కాఫీ తాగుతున్నప్పుడు జలాశయంలో పూడిక ఎవరికి గుర్తొస్తుంది! గట్టుకు ఇవతలి అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవే కొండల్లో అవతల పండే కోరాపుట్ కాఫీ ఇప్పుడిప్పుడే సొంత పేరుతో అంగళ్లకు వస్తోంది.

గొలుసు ఇంకా సాగుతుంది. డుడుమ దగ్గర 175 మీటర్లు దూకిన మాచ్‌ఖండ్ నది కిందికి దిగాక సీలేరు అవుతుంది. కోరాపుట్ కొండల్లోనే పుట్టే కొలాబ్ నది దిగువన శబరి అవుతుంది. చెరో దారిన పోయిన రెండూ మోటు దగ్గర కలుసుకుంటాయి. ఆ నీరు శబరి పేరుతో కూనవరంలో గోదావరిలో పడుతుంది. అక్కణ్నుంచి పాపికొండలు, ధవళేశ్వరం, డెల్టా కాలువలు. దాళ్వాకు గోదావరి సన్నగిల్లినప్పుడు డెల్టా రైతులు ఎదురుచూసేది సీలేరు నీళ్ల కోసమే. ‘సీలేరు నుంచి ఎంత వదిలారు’ అన్నది ఆ రోజుల్లో అక్కడ ప్రతి కాలువగట్టు మీదా వినిపించే మాట. కోరాపుట్ కాఫీ తోట, కోనసీమ దాళ్వా వరి. రెంటి మధ్య నాలుగే లంకెలు, నాలుగూ చెల్లుతాయి.

వరి దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకాస్త ఆగుదాం. జయపురం చుట్టుపక్కల పీఠభూమి వరికి పుట్టిల్లు లాంటి చోట్లలో ఒకటని శాస్త్రజ్ఞుల మాట. 1955 నుంచి 1959 దాకా గోవిందస్వామి నాయకత్వంలో సాగిన సర్వేలో ఈ ఒక్క సీమలోనే 1,700కు పైగా వరి రకాలు దొరికాయి. మెరకకొకటి, పల్లానికొకటి, మధ్య నేలకొకటి. కొత్త రకాలు వచ్చి వాటిని తుడిచేస్తుంటే కొన్నింటిని గంపల్లో దాచి నిలబెట్టింది కొండ రైతులే, అందులోనూ ఆడవాళ్లు. పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పుజారి వాళ్లలో ఒకరు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 2024 జులైలో కన్నుమూశారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ రకాల్లో పేరున్నది కాలాజీరా. పొట్టు నల్లగా, గింజ జీలకర్రంత సన్నగా ఉంటుంది. ఉడుకుతుండగానే వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రాజావారి లక్ష

ఇప్పుడు కొంచెం కష్టమైన జత. ఒక కొస జయపురం సంస్థానం, రెండో కొస మిగ్-21 యుద్ధ విమానం.

కాఫీ తెచ్చిన రామచంద్రదేవ్ 1931లో పోయాక గద్దెనెక్కినవారు విక్రమదేవ వర్మ. కవి, పండితుడు, విశాఖపట్నంతో చిరకాల అనుబంధం ఉన్న మనిషి. పసికందుగా ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే ఎంతో ఊహించుకోండి. కోరాపుట్ అడవుల నుంచి, పొలాల నుంచి వచ్చిన శిస్తు విశాఖలో ప్రయోగశాల అయింది. వర్సిటీ సైన్స్ కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టారు. కొండ మీది రైతుకు ఆ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. ఆ కళాశాల మెట్లెక్కిన తెలుగు పిల్లలకు కూడా ఎవరూ చెప్పలేదు.

అక్కడ భౌతికశాస్త్రం చెప్పినవారిలో సూరి భగవంతం ఒకరు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ దగ్గర తర్ఫీదయి, 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం కుదిరిందీ, కోరాపుట్ జిల్లా సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజన్ల కర్మాగారం లేచిందీ ఆ ఏళ్లలోనే. గొలుసు చుట్టూ తిరిగి మళ్లీ కోరాపుట్‌కే వచ్చేసిందని చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ ఇక్కడ ఆశకు పగ్గం వేయాలి. కర్మాగారాన్ని ఆ ఊరికి తెచ్చింది భగవంతం అని చెప్పడానికి ఆధారం లేదు. కాలం కలిసింది, కారణం కలవలేదు. అందుకని చివరి మెట్టుకు సున్నా. ఇలాంటి చోట సున్నా వేయగలిగినవాళ్లే ఈ ఆటకు మంచి పంతుళ్లు.

మిగ్‌కు చెల్లే లంకె ఇంకోటుంది. అదే ఒప్పందం కింద విమానం మూడు ఊళ్లకు పంచారు. ఒళ్లు నాసిక్‌లో, గుండె సునాబెడలో, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో. 2025 సెప్టెంబరు 26న మిగ్-21 భారత వాయుసేన నుంచి సెలవు తీసుకుంది. ఇంజన్ పని మాత్రం సునాబెడలో సుఖోయ్ విమానాల కోసం సాగుతూనే ఉంది.

రైలుదారిన వెళ్తే జపాన్ కూడా దగ్గరే. యుద్ధం తర్వాత జపాన్ ఉక్కు కొలుములకు ఇనుప ఖనిజం కావాలి. బస్తర్‌లో బైలదిల్లా ఉంది, విశాఖలో రేవుంది, మధ్యన కోరాపుట్ కొండలున్నాయి. 1960లో ఒప్పందమై, ఆ కొండలను తొలిచి వేసిందే కొత్తవలస–కిరండూల్ లైను. ఖనిజం కోసం వేసిన ఆ పట్టాల మీదే 2017 నుంచి అద్దాల బోగీలో కూర్చుని మనం బొర్రా, అరకు చూసొస్తున్నాం.

ఏడాది కాదు, కారణం

రాయగడ వైపు రైల్లో వెళ్తుండగా ఈ ఆట ఆడితే సమయమే తెలియదు. పార్వతీపురం దాటాక మా మేనకోడలు నాకో జత విసిరింది.

“మావయ్యా, నాగావళి, రబ్బరు. కలుపు చూద్దాం.”

“ఝంఝావతి మీద రబ్బరు డ్యాం ఉంది కదమ్మా. ఝంఝావతి వెళ్లి నాగావళిలో కలుస్తుంది. అయిపోయింది.”

“అవలేదు. సిమెంటు ఉండగా రబ్బరెందుకు?”

నిజమే, కారణం చెప్పకపోతే లంకె సగమే. కొమరాడ మండలంలో ఆ నది మీద మామూలు గేట్లతో నీళ్లు నిలిపితే ఎగువన ఒడిశా ఊళ్ల భూములు మునుగుతాయి. ఒడిశా ఒప్పుకోలేదు. ఏళ్లకేళ్లు కాలువల్లో నీళ్లు లేవు. చివరికి 2006లో రబ్బరు తిత్తి అమర్చారు. ఊదితే లేస్తుంది, వదిలేస్తే పడుకుంటుంది. అవతలి భూమి మునగని మట్టం వరకే నీళ్లు నిలుపుతుంది.

“అంటే సరిహద్దు వల్ల రబ్బరు వచ్చింది. మరి సరిహద్దు ఎప్పుడొచ్చింది?”

“1936లో తల్లీ.”

“ఇప్పుడు అయింది” అని ఒప్పుకుంది.

ఆ 1936 దగ్గరే ఇంకో పెద్ద ముడి ఉంది. దాన్ని విప్పడానికి రెండు కొసలు. ఒకటి, 2013లో నియమగిరి కొండల మీద జరిగిన గ్రామసభలు. రెండోది, మీరు ఇప్పుడు చదువుతున్న ఈ వాక్యం.

నియమగిరి రాయగడ, కలహండి జిల్లాల మధ్యనున్న కొండల వరస. డొంగ్రియా కోందుల దేవుడు నియమరాజు అక్కడే ఉంటాడు. కొండ నెత్తిన బాక్సైటు ఉంది. తవ్వాలా వద్దా అన్నది కొండవాసులే గ్రామసభల్లో తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ వైపు ఏడు, కలహండి వైపు ఐదు, మొత్తం పన్నెండు పల్లెలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల వాగులే వంశధారను నింపుతాయి. వంశధార గుణుపూర్ మీదుగా దిగి శ్రీకాకుళం జిల్లాలో ముఖలింగం పక్కనుంచి పారి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. నీళ్లు పైనుంచి కిందికి వస్తే, ఆయన మనసు కిందినుంచి పైకి నడిచింది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా చుట్టుపక్కల కొండల నుంచి వచ్చే సవరలతో మాట్లాడాలనుకున్నారు. వాళ్ల భాషకు పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. నేర్చుకోవడానికి ఒక్కటే దారి: మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెవి ఒగ్గి వినడం. దశాబ్దాల పాటు విన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాయి. లిపి లేని భాషను విని రాసుకున్నవాడికి భాషంటే నోటిలో ఉండేదని తెలుస్తుంది. అదే చెవితో తిరిగి తెలుగును విన్నప్పుడు, బడిలో రాయించే తెలుగూ జనం మాట్లాడే తెలుగూ ఎంత దూరమైపోయాయో ఆయన భరించలేకపోయారు. వ్యావహారిక భాషోద్యమానికి ఇంకా కారణాలున్నాయి. గురజాడ ఉన్నారు, బడుల తనిఖీ అధికారి యేట్స్ ఉన్నారు. కానీ గిడుగు పట్టుదలకు వేరు సవర గూడేల్లో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన ఆ పోరు చేయకపోతే ఈ వ్యాసం వేరే తెలుగులో అచ్చయ్యేది. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. ఆ రోజున సవరల పేరు తలిచే సభలు ఎన్ని?

1936లో పర్లాకిమిడి కూడా ఒడిశాలో కలిసింది. తెలుగు కోసం అంత పాటుపడిన గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. సవర నిఘంటువు వెలువడే నాటికి ఆయన సవరల మధ్య లేరు. 1940 జనవరి 22న పోయారు. అదే 1936లో ఇప్పటి రాయగడ జిల్లా కొండల్లో మంగేయ్ గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారు చేశాడు. పేరు సొరంగ్ సొంపెంగ్. 2012లో అది యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లలో రాసుకోవచ్చు. గిడుగు ఊరు విడవడానికీ గొమాంగో లిపి రాయడానికీ ఏడాది ఒకటే. అయినా ఆట నియమం ప్రకారం దీన్ని లంకె అనకూడదు. అనాలని నోరు ఊరుతుంది గానీ అనకూడదు.

ఆ సవరల ఇళ్లలోనే ‘ఇడితాల్’ గోడబొమ్మలు ఉంటాయి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, వెదురు పుల్లను కుంచెగా చేసి గీస్తారు. చుట్టూ చతురస్రంగా ఇల్లు, లోపల వరసలు వరసలుగా పుల్లల్లాంటి మనుషులు, గుర్రమెక్కినవాళ్లు, నిచ్చెన, కోతులు, సూర్యుడు, చంద్రుడు. బొమ్మ గీసేది అందం కోసం కాదు. పోయిన పెద్దలకో దేవతకో ఇంట్లో ఒక చోటు ఇవ్వడానికి. ఏం గీయాలో పూజారి చెప్తాడు. గీసేవాళ్లు కొత్తగా కంటపడిన సైకిలు, విమానం లాంటివాటికీ అందులో చోటిస్తారు. లాంజియా సవర చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే జాబితాలో డొంగ్రియా కోందుల కుట్టుపని శాలువా, కోరాపుట్ కాలాజీరా బియ్యం ఉన్నాయి. అప్పుడు ఒడిశాకు దక్కిన ఏడింట్లో మూడు ఈ రెండు జిల్లాలవే.

ఇందాకటి రెండు కొసలకు ఇంకో దారి కూడా ఉంది, ఇంకా దగ్గరిది. డొంగ్రియాలు మాట్లాడే భాష కువి. ద్రావిడ భాషల కుటుంబంలో తెలుగు, గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ ఒక శాఖ. కుటుంబ వృక్షంలో తెలుగుకు తమిళం, కన్నడం కన్నా కువి దగ్గరి చుట్టం. నియమగిరి సభల్లో కొండవాళ్లు తమ దేవుడి గురించి చెప్పుకున్న భాష మన తెలుగుకు తోబుట్టువు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కొండ భాష మీద పని చేసి 1969లో పుస్తకం వెలువరించారు. ఆ తోవన నడిచిన తెలుగువాళ్లు తక్కువమంది. మన భాషకు అక్కచెల్లెళ్లు ఎవరని అడిగితే కువి పేరు చెప్పే తెలుగు పిల్లలు ఇంకా తక్కువ. బడిపుస్తకంలో ఒక్క పేజీ పెట్టినా చాలు.

ఆడాలనుకునేవాళ్లకు నలుగురు చాలు, కాగితం పెన్నూ అక్కర్లేదు. తెలియని మెట్టు వస్తే ఆగి, తెలుసుకుని వచ్చే వారం పూర్తి చేయొచ్చు. ఓడినట్టు కాదు. ఈ ఆదివారానికి రెండు కొసలు ఇస్తున్నాను. ఒకటి కోరాపుట్ కాలాజీరా బియ్యం. రెండోది రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి నడుస్తున్న కాగితం మిల్లు. జయపురం రాజావారి లక్ష, 1933లో తెరుచుకున్న విశాఖ రేవు, ఆ రేవు కోసం 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు లైను దారిలో పనికొస్తాయి. ఆరు లంకెలకు మించకూడదు. పేరు పోలిక చెల్లదు.